నిలిచిన బండి

నందివాడలో ఒక రైతు ఇంటి పశువుల పాకలో, గోనెపట్టాల కింద, ఒక ఎజ్డీ మోటారుసైకిలు ఇరవై ఏళ్లుగా నిలిచి ఉంది. ఆయన వరిచేలు చేపలచెరువులు కాకముందు ధాన్యం బేరానికి గుడివాడ వెళ్లింది దానిమీదనే. మైసూరులోని దాని కర్మాగారం 1996లోనే మూతపడింది.

"పాత ఇనుముకు వేసేద్దాం నాన్నా" అన్నాడు పండుగకు వచ్చిన కుమారుడు.

"ఒక్కసారి దాని చప్పుడు వినాలని ఉందిరా" అన్నాడు తండ్రి.

కుమారుడు ఆత్రంగా కిక్కు కొట్టబోయాడు. తండ్రి వారించాడు. "పిస్టను పట్టేసి ఉంటుంది. బలం చూపితే పాడవుతుంది."

ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో కొద్దిగా నూనె పోసి ఒక రాత్రి ఆగారు. మరునాడు చెడిన పెట్రోలు తీసివేసి, కార్బురేటరులో పూడుకుపోయిన జెట్టును శుభ్రపరచారు. అది రెండు స్ట్రోకుల ఇంజను గనుక కొత్త పెట్రోలులో నూనె కలిపారు. గేరు లీవరునే లోనికి నొక్కి, పైకి తిప్పి, కిక్కుగా మార్చే విధానాన్ని తండ్రి వణికే చేతులతో చూపాడు.

ఏడవసారికి నీలిపొగ చిమ్ముతూ బండి పలికింది. తండ్రి కళ్లు చెమర్చాయి. అది ఆగిపోయింది వయసు మీరినందుకు కాదు, ఎవరూ తాకనందుకేనని కుమారునికి తోచింది. అంతవరకు పండుగలకే వచ్చే అతడు, బండిని నడపాలన్న నెపంతో నెలనెలా ఇంటికి రాసాగాడు.