చెప్పకుండా వదిలిన భయం

అనువాదకుడికి అసలు పరీక్ష కఠినపదాల వద్ద కాదు, మౌనం వద్ద ఎదురవుతుంది. మూలరచయిత చెప్పకుండా వదిలిన దానిని, చెప్పకుండానే మరొక భాషలోకి దాటించడం ఎలా? ఇరవై ఏళ్ళుగా ఈ వృత్తిలో ఉన్న నాకు దీనికి సమాధానం ఏ నిఘంటువులోనూ దొరకలేదు. ఒక ఇటాలియన్ చిత్రకారుని బొమ్మలలో దొరికింది. ఆయన పేరు డీనో బత్తాలియా.

1923లో వెనిస్‌లో జన్మించిన బత్తాలియా, రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత, హ్యూగో ప్రాట్ మొదలైన యువకులు నడిపిన బొమ్మల కథల పత్రికలో చేరాడు. కొన్నేళ్ళకు ఆ మిత్రులు అర్జెంటీనాకు తరలిపోయారు. ఆయన మాత్రం ఇటలీలోనే ఉండి, పిల్లల పత్రికలకు బొమ్మలు వేస్తూ జీవనం సాగించాడు. నలభై దాటిన తరువాతగాని తన అసలు దారి దొరకలేదు. 1967లో మెల్విల్ ‘మోబీ డిక్’ను బొమ్మల కథగా మలిచాడు. అటుపిమ్మట ఎడ్గార్ ఎలన్ పో, హాఫ్‌మన్, మొపాసా కథలు ఆయన చేతిలో కొత్త రూపు దాల్చాయి.

అషర్ వంశపు చివరి రోజులను గురించి పో రాసిన కథను తెలుగు చేస్తున్నప్పుడు, శీర్షికలోని ‘హౌస్’ అనే మాట నన్ను వారం రోజులు కదలనివ్వలేదు. అది భవనమూ అవును, వంశమూ అవును. మన ‘ఇంటిపేరు’లో ఈ రెండర్థాల జాడ ఉన్నా, ‘అషర్ ఇల్లు కూలింది’ అంటే మనకు వానకు తడిసిన గోడ కూలినట్లే తోస్తుంది. ‘వంశం’ అంటే, కప్పునుండి మడుగుదాకా పాకిన ఆ సన్నని బీట కంటికి కనబడదు.

బత్తాలియా కూడా ఇదే కథను బొమ్మలలోకి తెచ్చాడు. ఆయన పద్ధతి విచిత్రమైనది. దూదితో అద్ది బూడిదరంగు ఛాయలు తెచ్చేవాడు. ఆరిన సిరాను బ్లేడుతో గీకి వెలుగు రప్పించేవాడు. చాలాచోట్ల బొమ్మలకు గళ్ళు గీయక, కాగితపు తెలుపును అలాగే వదిలేవాడు. చూసేవాడి భయం ఆ తెల్లని ఖాళీలోనే పుడుతుంది. రచనలో, రంగులలో ఆయనకు భార్య లారా తోడుగా నిలిచింది.

1983లో ఆయన మిలాన్‌లో కన్నుమూసేనాటికి, ఇన్‌స్పెక్టర్ కోక్ అనే అపరాధ పరిశోధకుని మూడవ కథ అసంపూర్తిగా మిగిలింది.

నా అనువాదం చదివిన ఒక ప్రచురణకర్త, “భయం చాలడం లేదండీ, కాస్త రక్తం కలపండి” అన్నారు. నేను సున్నితంగా కాదన్నాను. వ్రాతప్రతి తిరిగి వచ్చింది. ఇంకా అచ్చుకాలేదు. అయినా అందులో ఒక్క వాక్యం కూడా చేర్చలేదు. తెలుగు పాఠకుడు భయపడటానికి అతనికీ కొంత చోటు వదలాలి కదా!