ఒకే ఆధారంలో సృష్టి, లయం

తైత్తిరీయోపనిషత్తు భృగువల్లిలో వరుణుడు పుత్రునికి బ్రహ్మలక్షణాన్ని ఉపదేశిస్తూ, సర్వభూతాల జనన, జీవన, లయాలకు ఆధారం ఒక్కటేనంటాడు. మన చిత్తం ఆ మూడింటినీ కాలక్రమంలోనే భావిస్తుంది: ముందు సృష్టి, అంతమున లయం.

సప్తర్షి మండలం దిశలో, సుమారు 60 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన మార్కేరియన్ 231 అనే గెలాక్సీ ఉంది. దాని కేంద్రంలో క్వాసార్ ప్రజ్వరిల్లుతోంది. మహాకృష్ణబిలంలోనికి పడబోయే ద్రవ్యం పరితప్తమై వెలువరించే తేజస్సు అది. అదే గెలాక్సీలో ఏటా నూరు సూర్యులకు మించిన ద్రవ్యం నూతన నక్షత్రాలుగా రూపొందుతోంది. మన పాలపుంతలో అది ఒకటి రెండు సూర్యుల పాటిదే. ఆ తేజస్సుకూ, ఈ జననాలకూ అన్నం ఒక్కటే: వాయువు. ఆ వాయువునే కేంద్రం నుండి వీచే ప్రచండ వాతం తరిమివేస్తోంది. 2010లో ఫ్రాన్సు ఆల్ప్స్ పర్వతాలలోని రేడియో దూరదర్శినులతో పరిశీలించిన శాస్త్రజ్ఞులు ఆ నష్టాన్ని ఏటా సుమారు 700 సూర్యుల ద్రవ్యంగా గణించారు. ఇదే తీరున సాగితే సుమారు కోటి సంవత్సరాలలో ఆ భాండాగారం రిక్తమవుతుంది. నక్షత్రోదయమూ, దాని నిరోధమూ ఏకకాలంలో, ఒకే చోట.

విజ్ఞానశాస్త్రం ఉపనిషత్తుకు సాక్ష్యం పలుకుతోందని నా వాదన కాదు. నా దుఃఖానికి ఆ గెలాక్సీ ఒక దృష్టాంతమైంది, అంతే. గత సంవత్సరం నాన్నగారి మృతాశౌచం తీరకమునుపే పౌత్రి జన్మించి జాతాశౌచం ప్రాప్తించింది. ఇక్కడ దశాహ సన్నాహం. వియ్యాలవారి ఇంటి నుండి ఫోనులో పసికందు రోదనం. హృదయాన్ని దేనికి అర్పించాలో తెలియక నలిగిపోయాను.

ఆధారం ఒకదానిని స్వీకరించి మరొకదానిని నిరాకరించదు. తర్పణజలం విడిచిన చేతులతోనే తరువాత ఆ పసిదానిని ఎత్తుకున్నాను. దుఃఖం పోలేదు, ఆనందం దానికి అపచారమనే శంక మాత్రం పోయింది.