పాత మంజూష – స్వత్వ విచారం

పతంజలి మహర్షి యోగసూత్రాల సాధనపాదంలో యమాలను పేర్కొంటూ అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం అనే నాలుగింటి తరువాత అపరిగ్రహాన్ని ఐదవదిగా నిలిపాడు. సన్న్యాసికి ఈ వ్రతం ఆశ్రమధర్మంలోనే ఇమిడి ఉంది. గృహస్థుని స్థితి అట్టిది కాదు. వస్త్రాలను భద్రపరచాలి, పూజాద్రవ్యాలకు ఒక చోటు కావాలి, పెద్దలు విడిచిపోయిన వస్తువులను కాపాడాలి. వస్తువును గ్రహిస్తూనే పరిగ్రహదోషం అంటకుండా ఉండటం అతనికి సాధ్యమా? ఈ ప్రశ్న గ్రంథపఠన సమయంలో కంటే అంగడిలో వస్తువును ఎంచుకొనే సమయంలో నిశితంగా ఎదురవుతుంది. ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు పాత సొరుగుల పెట్టెను ఎంచుకొన్న వృత్తాంతం ఇందుకు నిదర్శనం.

ఆయన హైదరాబాదులో భార్యతో కలిసి ఒక చిన్న ఫ్లాటులో నివసిస్తున్నారు. స్వగ్రామంలోని ఇంటిని విక్రయించిన తరువాత తల్లిగారి వస్తువులు కొన్ని ఆయన వద్దకు చేరాయి. రెండు మడి పట్టుచీరలు, ఒక వెండి కుంకుమభరిణ, ఆమె స్వహస్తంతో వ్రతకథలు వ్రాసుకొన్న నోటుపుస్తకం. అవన్నీ ఒక రేకుపెట్టెలో ఉన్నాయి. అంతటి తల్లి వస్తువులు రేకుపెట్టెలో ఉండటం ఆయనకు సమంజసంగా తోచలేదు. కాలం గౌరవించిన ప్రాచీనమైన టేకు మంజూష ఒకటి కొనాలని సంకల్పించారు. భార్యను, ఎరిగిన వడ్రంగి మేస్త్రీని వెంటబెట్టుకొని సికింద్రాబాదులో పాత కలప సామాను అమ్మే ఒక దుకాణానికి వెళ్ళారు.

సొరుగుల పెట్టె మన పూర్వుల ఇళ్ళలో పుట్టినది కాదు. మనది పైమూత తెరిచే భోషాణం. ఐరోపాలోనూ మొదట ఉన్నది అటువంటి మూతపెట్టెయే. 17వ శతాబ్దంలో దాని అడుగున సొరుగులు చేరి, క్రమంగా పెట్టె అంతా సొరుగులుగా మారింది. ఆంగ్లేయ సైనికాధికారులు విడిది నుండి విడిదికి మోసుకుపోవడానికి వీలుగా రెండు ఖండాలుగా విడదీయగల సొరుగుల పెట్టెలను వాడేవారు. మూలలకు ఇత్తడి తొడుగులు, దారిలో దెబ్బ తగలకుండా కొయ్యలోనికి ఒదిగిన పిడులు వాటి లక్షణాలు. దుకాణదారుడు మొదట చూపించినది అటువంటి పెట్టెనే.

“నూట యాభై ఏళ్ళ నాటిది సార్. నూరేళ్ళు దాటితేనే చట్టం కూడా పురావస్తువు అంటుంది” అన్నాడు. 1972 నాటి పురావస్తు చట్టం కళాకృతులకు, శిల్పకార్యాలకు సాధారణంగా నూరేళ్ళ పరిమితినే విధించింది. ఆ మాట యథార్థమే. ఉపాధ్యాయుని మనస్సు ఆ సంఖ్యకు వశమైంది. వెల ఎంతో అడగకముందే ఆయన చేయి ఇత్తడి మూలను నిమురుతోంది.

మేస్త్రీ మాత్రం పెట్టె ముఖం చూడలేదు. సొరుగులన్నీ బయటికి లాగి బోర్లించాడు. పలకలు కలిసే మూలలలో పావురం తోక వలె విప్పారిన పళ్ళ అతుకులను వేలితో తడిమాడు. చేతితో కోసిన అతుకులలో పళ్ళు ఒకదానితో ఒకటి సరిగా సమానంగా ఉండవు. యంత్రం కోసినవి అచ్చు గుద్దినట్లు ఉంటాయి. పై ఖండంలో ఉన్నవి మొదటి రకం, కింది ఖండంలోనివి రెండవ రకం. ఒక సొరుగు లోపలివైపు పాత పిడి తాలూకు రంధ్రాలు కనిపించాయి, బయటివైపు వాటి జాడ లేదు. గాలి మాత్రమే తగిలి సహజంగా వన్నె మారవలసిన అడుగుభాగానికి ఎవరో రంగు పూశారు.

“మాస్టారూ, పైదీ కిందదీ ఒక పెట్టెవి కావండి. రెంటిని తెచ్చి జత చేశారు. ముందు పలక కూడా కొత్తగా అతికించిందే” అన్నాడు మేస్త్రీ మెల్లగా.

గోడవారన మరొక పెట్టె ఉంది. నాలుగు సొరుగులు, కొయ్య పిడులు, ఏ అలంకారమూ లేని టేకు. నూరేళ్ళు నిండనిది. సొరుగులు జరిగే పట్టీలు ఏళ్ళ తరబడి రాపిడికి అరిగి నునుపెక్కాయి. పుప్పి రంధ్రాలు కొన్ని ఉన్నా వాటి నుండి పిండి రాలడం లేదు, అనగా పురుగు ఎన్నడో పోయింది. ఒక సొరుగుకు అడుగు పలక పోయి ప్లైవుడ్ ముక్క వేసి ఉంది. “ఇది మంచి సామానండి. ఎవరో బాగా వాడుకున్నారు, బాగా చూసుకున్నారు” అన్నాడు మేస్త్రీ.

ఉపాధ్యాయుడు నిరుత్సాహంగా చూశారు. అప్పటివరకు మౌనంగా ఉన్న భార్య అప్పుడు పలికింది. “ఏమండీ, అత్తయ్యగారి భోషాణాన్ని వసారాలో చెదలకు వదిలేశాం. ఇప్పుడు ఎవరింటి పెట్టెకో ఎన్నేళ్ళు నిండాయని లెక్కపెడుతున్నాం.”

ఆయన సమాధానం చెప్పలేకపోయారు. ఆ రోజు ఏదీ కొనకుండానే తిరిగి వచ్చారు.

తల్లి పరమపదించిన తరువాత ఆ భోషాణం ఊరి ఇంటి వసారాలో కొన్ని వర్షాకాలాలు తడిసింది. తీసుకువెళదామని ప్రతి సంక్రాంతికీ అనుకొన్నారు, తీసుకువెళ్ళలేదు. ఇల్లు అమ్మిన నాటికి అడుగంతా మట్టి అయింది. మూతపలక ఒక్కటి మిగిలితే తెచ్చి అటక మీద ఉంచారు. దానిని ‘మా అమ్మ భోషాణం’ అని ఆయన ఇప్పటికీ అంటారు.

ఈ ‘మా’, ‘నా’ అనే శబ్దాలను పూర్వమీమాంస ఆరవ అధ్యాయంలో సూక్ష్మంగా పరీక్షించింది. విశ్వజిద్యాగంలో యజమాని సర్వస్వాన్ని దక్షిణగా ఇవ్వాలి. అయితే ‘నా తండ్రి’, ‘నా తల్లి’ అంటున్నాడు కనుక వారిని కూడా దానం చేయవచ్చునా అని శంక. కూడదని సిద్ధాంతం. అక్కడి ‘నా’ సంబంధాన్ని తెలుపుతుంది, స్వామ్యాన్ని తెలుపదు. రాజు భూమిని దానం చేయవచ్చునా అని మరొక శంక. అదీ కూడదు. భూమి అందరికీ సాధారణం, రాజునకు ఉన్నది రక్షణాధికారం మాత్రమే.

ఈ విచారం ఆ రాత్రి ఉపాధ్యాయునికి వేరొక వెలుగులో కనిపించింది. దశాబ్దాలుగా పాఠం చెప్పిన విషయమే. భోషాణం తనదని అన్నారు, రక్షణ మాత్రం చేయలేదు. దుకాణంలోని ఆ నిరాడంబరమైన పెట్టెను ఎవరో అపరిచితులు తమదని అన్నారో లేదో తెలియదు, కాని తుడిచారు, ఎండ తగలనిచ్చారు, వాన తగలనివ్వలేదు. దాని ప్రాచీనత వారి సంరక్షణకు ఫలం. ఏ వస్తువూ తనంతట తాను పాతబడి నిలువదు. అలక్ష్యం చేస్తే శిథిలమవుతుంది, ఆదరిస్తేనే ప్రాచీనమవుతుంది. వెల ఇచ్చి ఆ వయస్సును తన గౌరవంగా చేసుకొనవచ్చునని భావించడమే పరిగ్రహం. ఆ సేవలో తన వంతు వచ్చిందని స్వీకరించడం గృహస్థునికి తగిన అపరిగ్రహం.

మరునాడు ఆయన రెండవ పెట్టెను కొన్నారు. ప్లైవుడ్ తీసి పాత టేకు వేయాలని మేస్త్రీ అన్నప్పుడు అటక మీది మూతపలకను దింపారు. దాని పైముఖాన పసుపు కుంకుమల ఛాయ ఇంకా ఉంది. ప్రతి శుక్రవారం తల్లి అక్కడ బొట్టు పెట్టేది. చెదలు పాకిన జాడలు కూడా ఆ ముఖానే ఉన్నాయి.

“చిత్రిక పట్టకుండా వాడలేమా మేస్త్రీగారూ?” అని అడిగారు.

“పైపొర పోతేనే లోపలి చేవ నిలుస్తుంది మాస్టారూ. మీరు వద్దంటే ఇలాగే అటక మీద పెట్టేస్తాను.”

ఆయన చాలాసేపు ఆ మరక మీద చేయి ఉంచారు. తరువాత పలకను మేస్త్రీ చేతికి ఇచ్చారు. పసుపు ఛాయ పొట్టుగా రాలిపోతుంటే భార్య కొంగుతో కళ్ళు ఒత్తుకొంది. లోపలి టేకు తేనె వన్నెతో, చమురు వాసనతో బయటపడింది.

ఇప్పుడు అది ఏ పెట్టె? న్యాయవైశేషికుల మతంలో ఒక అవయవం పోయినా పూర్వపు అవయవి నశించి నూతనమైన అవయవి పుడుతుంది. చిరిగిన వస్త్రాన్ని ఖండపటమని వేరుగా గణించడం ఇందువల్లనే. ఛాందోగ్యం ఆరవ అధ్యాయంలో ఉద్దాలకుడు శ్వేతకేతువునకు మృత్తికా దృష్టాంతంతో చేసిన బోధ వేరు. కుండ, మూకుడు అనే వికారాలు నామమాత్రాలు, మట్టి ఒక్కటే సత్యం. తార్కికదృష్టిలో తల్లి భోషాణం గతించింది. వేదాంతదృష్టిలో భోషాణం, సొరుగు అనేవి పేర్లు. ఆ గృహస్థునికి రెండూ అవసరమయ్యాయి. మొదటిది గతించినదానిని గతించినదిగా అంగీకరింపజేసింది, రెండవది శోకాన్ని ఉపశమింపజేసింది.

సొరుగులు సర్దే వేళ మరొక విషయం స్ఫురించింది. తల్లికి అంత్యకాలంలో శుశ్రూష చేసినది తమ్ముని భార్య. పంపకంలో ఆమెకు ఏమీ రాలేదు, ఆమె అడగనూ లేదు. ఉపాధ్యాయ దంపతులు వెళ్ళి ఒక పట్టుచీరను, వెండి కుంకుమభరిణను ఆమె చేతిలో పెట్టారు. “ఇన్నాళ్ళూ మా దగ్గర ఉంచుకున్నాం తల్లీ, ఇది నీకు చెందవలసింది” అన్నారాయన. ఆమె కన్నీరు పెట్టుకొంది గాని కాదనలేదు. భోషాణం నాటి అపరాధానికి ఇది పూర్తి ప్రాయశ్చిత్తమని ఆయన భావించలేదు. మిగిలిన చీర, వ్రతకథల పుస్తకం కొత్త అడుగు వేసిన సొరుగులో ఉన్నాయి.

వర్షాకాలానికి ముందు ఆయన స్వయంగా సొరుగులన్నీ తీసి, పొడిగుడ్డతో తుడిచి, పట్టీలకు కాస్త మైనం రాచి, మూలల్లో వస కొమ్ములు ఉంచుతారు. పెట్టె కాళ్ళు తడి నేలకు తగలకుండా రాతిబిళ్ళలు అమర్చారు. చూడవచ్చిన వారు “ఇది ఎన్నేళ్ళ నాటిదండీ?” అని అడిగితే వయస్సు చెప్పరు. “ప్రస్తుతానికి మా సంరక్షణలో ఉంది” అంటారు.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.