పెట్టెలో పెట్టె

కంప్యూటరు గురించి మాట్లాడేవారు సాధారణంగా ప్రాసెసరు వేగంతో మొదలుపెడతారు. మెమొరీ ఎంత, తెర ఎన్ని అంగుళాలు, గ్రాఫిక్స్ కార్డు ఏ తరానిది అన్నవి ఆ తరువాతి ప్రశ్నలు. యంత్రం వెనుక ఒక మూల ఒదిగి, ఇటుకరాయిని తలపిస్తూ, నిరంతరం వేడిగాలిని వెలుపలికి ఊదే చిన్న పెట్టెను గురించి అడిగేవారు అరుదు. మన దుకాణాలలో దానిని 'ఎస్.ఎం.పి.ఎస్.' అంటారు. గోడలోని విద్యుత్తుకూ, కంప్యూటరులోని సుకుమారమైన భాగాలకూ మధ్య నిలబడిన మధ్యవర్తి అది. చాలాకాలం భౌతికశాస్త్రం బోధించినవాణ్ణి గనుక దాని మీద నాకు కొంత పక్షపాతం ఉన్నదేమో! అయినా ఆ పెట్టెను ఎంచుకోవలసిన అవసరం మా ఇంట ఒకమారు నిజంగానే వచ్చింది.

మా అన్నయ్య కూతురు యానిమేషన్ చదువుతున్నది. చివరి సంవత్సరంలో ఏడు నిమిషాల చిత్రమొకటి తయారుచేసి సమర్పించాలి. ఏతం తొక్కే తాత, గట్టున కూర్చున్న మనుమరాలు - అదీ కథ. పద్నాలుగు నెలల శ్రమ దాని వెనుక ఉన్నది. అంతా పూర్తయ్యాక మిగిలినది రెండరింగ్. ఒక్కొక్క పటాన్ని పూర్తి చేయడానికి ఆమె కంప్యూటరుకు ఆరు నిమిషాలు పడుతున్నది. సెకనుకు 24 పటాల చొప్పున ఏడు నిమిషాలకు 10,080 పటాలు. రేయింబవళ్ళు ఆపకుండా నడిపినా 42 రోజులు. గడువు మాత్రం నెల రోజులే. పిల్లలకు చిత్రలేఖనం నేర్పి కూడబెట్టిన డబ్బుతో సీనియర్ విద్యార్థి ఒకరి దగ్గర ఆర్.టి.ఎక్స్. 3060 కార్డు కొన్నది. "బాబాయ్, కార్డు వచ్చేసింది. బిగించేస్తే చాలు కదా?" అని ఫోను చేసింది. "ముందు ఎస్.ఎం.పి.ఎస్. మీద అంటించిన కాగితం ఫొటో తీసి పంపమ్మా" అన్నాను.

ఆ కాగితం మీద '450' అని కొట్టొచ్చినట్లు అచ్చువేసి ఉన్నది. దాని క్రింద చిన్న అక్షరాలలో ఒక పట్టిక. చదవవలసినది ఆ పట్టికనే. గోడలోంచి వచ్చే 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును ఈ పెట్టె 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మారుస్తుంది. నేటి కంప్యూటరులో ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు దాదాపు పూర్తిగా 12 వోల్టుల మార్గం మీదనే బ్రతుకుతాయి. మా అమ్మాయి పంపిన పట్టికలో ఆ మార్గానికి ఎదురుగా 16 ఆంపియర్లు అని ఉన్నది. పన్నెండు పదహార్లు 192. అంటే ఆ 450 అంకెలో పనికివచ్చేది 192 వాట్లే. తక్కినదంతా నేడు అంతగా అక్కరలేని 5, 3.3 వోల్టుల మార్గాల పేరిట కూడిన కాగితపు లెక్క. 2000లో పెంటియం 4 వచ్చేవరకు ప్రాసెసర్లు ప్రధానంగా 5 వోల్టుల మార్గం నుంచి శక్తి తీసుకొనేవి. ఆ రోజులలో ఇటువంటి పంపకానికి అర్థం ఉండేది. కాలం మారినా చౌకరకం పెట్టెలు మాత్రం మారలేదు.

ఇక ఆమెకు కావలసినది ఎంత? కార్డుకు 170 వాట్లు. ఆమె ప్రాసెసరు కోర్ ఐ5-10400 మీద 65 వాట్లు అని ఉంటుంది గాని, పూర్తి ఒత్తిడిలో కొద్దిసేపు 134 వరకు తీసుకోవచ్చు. మదర్‌బోర్డు, డిస్కులు, ఫ్యాన్లు అన్నింటికీ కలిపి ఒక 50. మొత్తం 354. కార్డు తయారీదారు 550 వాట్ల పెట్టె ఉండాలని సూచించాడు. ఈ తేడా వ్యాపారపు ఎత్తుగడ అనుకోనక్కరలేదు. గ్రాఫిక్స్ కార్డులు కొన్ని మిల్లీసెకన్లపాటు తమ పరిమితిని దాటి శక్తిని గుంజుకుంటాయి. ఇటువంటి క్షణికమైన ఉద్ధృతులను పెట్టె తట్టుకోవాలని 2022లో వెలువడిన ఏ.టి.ఎక్స్. 3.0 ప్రమాణం నిర్దేశించడానికి కారణం అదే.

మేమిద్దరం సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని కంప్యూటరు దుకాణాలకు వెళ్ళాము. మొదటి దుకాణదారు మా అవసరం విని, "కొత్తది ఎందుకు సార్? మీ పాతదానికి కన్వర్టర్ వేసేద్దాం, రెండు వందలతో పోతుంది" అన్నాడు. కార్డుకు ఎనిమిది సూదుల తీగ ఒకటి కలపాలి. ఆ తీగ మోయవలసిన పరిమితి 150 వాట్లు, అంటే పన్నెండున్నర ఆంపియర్లు. పాత డిస్కుల కోసం పెట్టిన సన్నని తీగను ఒక చిన్న ప్లాస్టిక్ ముక్కతో దానికి అతికించాలన్నది ఆయన సలహా. బోరుమోటారుకు బెడ్‌ల్యాంపు తీగ కలిపినట్లుంటుంది! నమస్కారం పెట్టి బయటికి వచ్చాము.

బయట నిలబడి అమ్మాయి అడిగింది: "ఇంత ఆలోచించాలా బాబాయ్? కాలిపోతే మళ్ళీ కొందాం." అప్పుడు మా వీధిలోని ఒక యువకుని సంగతి చెప్పాను. పెళ్ళిళ్ళకు ఫొటోలు తీయడం అతని వృత్తి. ఒక వేసవి రాత్రి గాలివాన వచ్చి, కరెంటు పోయి, తిరిగి వచ్చిన క్షణంలో అతని ఎస్.ఎం.పి.ఎస్. పేలింది. అది ఒంటరిగా పోలేదు. మదర్‌బోర్డునూ, రెండు డిస్కులనూ వెంట తీసుకుపోయింది. మంచి పెట్టెలలో వోల్టేజి హద్దు మీరితే తనంతట తాను ఆగిపోయే రక్షణ వలయాలుంటాయి. అతని పెట్టెలో ఆ భాగాల చోటు ఖాళీగా ఉన్నదని మరమ్మతు చేసే మనిషి చూపించాడు. డిస్కులలో అప్పటికి అందజేయని ఒక పెళ్ళి ఫొటోలున్నాయి. డబ్బు తిరిగి ఇవ్వగలిగాడు గాని, తలంబ్రాలు మళ్ళీ పోయించలేడు కదా! మా అమ్మాయి మారు మాట్లాడలేదు. ఆ సాయంత్రమే తన చిత్రాన్ని మరొక డిస్కులోకి ఎక్కించి మా ఇంట్లో దాచింది.

రెండవ దుకాణంలో రెండు రకాలు చూపించారు. 550 వాట్ల బ్రాంజ్ నాలుగు వేల పైచిలుకు, 750 వాట్ల గోల్డ్ ఎనిమిది వేలు. 2004లో మొదలైన '80 ప్లస్' అనే పథకం దక్షతను బట్టి ఇచ్చే శ్రేణులివి. సగం భారం వద్ద బ్రాంజ్ దక్షత సుమారు 85 శాతం, గోల్డ్ దక్షత సుమారు 90. లోపల 300 వాట్లు ఖర్చయితే మొదటిది గోడ నుంచి 353, రెండవది 333 తీసుకుంటుంది. తేడా 20 వాట్లు. రోజుకు నాలుగు గంటల చొప్పున ఏడాదికి 29 యూనిట్లు. యూనిట్ ఎనిమిది రూపాయలనుకున్నా 232 రూపాయలు. దానికోసం నాలుగు వేలు అదనంగా పెట్టడం ఆమె సంపాదనకు న్యాయం కాదనిపించింది. పైగా ఈ పతకాలు దక్షతను చెబుతాయే గాని, లోపలి కెపాసిటర్ల నాణ్యతను గురించి హామీ ఇవ్వవు. వాటిని గురించి కొంత చెప్పేది వారంటీ. అయిదేళ్ళ పూచీ ఇచ్చినవాడు ఏదో ధైర్యంతోనే ఇస్తాడు. 'ఎంత వేడిలో 550?' అన్న ప్రశ్న కూడా నేను తప్పక అడుగుతాను. 25 డిగ్రీల వద్ద 550 ఇచ్చే పెట్టె మన మే నెల మిద్దెగదిలో ఎంత ఇస్తుందో ఊహించుకోవచ్చు. మేము కొన్నదాని మీద 40 డిగ్రీలు అని ఉన్నది. అదీ బ్రాంజ్ రకమే.

బిగించడం గంట పని. పాత పెట్టెను విప్పి లోపల ఏముందో చూద్దామని అమ్మాయి ఉత్సాహపడింది గాని నేను ఒప్పుకోలేదు. 230 వోల్టుల విద్యుత్తు శిఖరం వద్ద 325 వోల్టులను చేరుతుంది. లోపలి పెద్ద కెపాసిటర్ ప్లగ్గు తీసిన తరువాత కూడా ఆ ఆవేశాన్ని కొంతసేపు దాచుకోగలదు. తీగల విషయంలోనూ ఒక జాగ్రత్త ఉన్నది. ఊడదీసి పెట్టుకొనే తీగలు గల పెట్టెలలో ఒక సంస్థ తీగ మరొక సంస్థ పెట్టెలో అమరినంత మాత్రాన వాడరాదు. సూదుల వరుస వేరై ఉండవచ్చు.

వాళ్ళ ఇంట్లో కంప్యూటరును ముట్టుకుంటే వేళ్ళు సన్నగా జిమ్మనేవి. అందరూ దానికి అలవాటుపడ్డారు! గోడ సాకెట్టులో మూడవ రంధ్రం ఉన్నది గాని, దాని వెనుక ఎర్తు తీగ లేదు. ఎలక్ట్రీషియన్ చేత ఆ తీగ వేయించిన తరువాతే మీట నొక్కాము.

కార్డుతో ఒక్కొక్క పటం యాభై సెకన్లలో తయారైంది. మొత్తం 140 గంటల పని. ఆమె 600 వి.ఏ. యు.పి.ఎస్. నిజంగా ఇవ్వగలిగేది 360 వాట్లు. ప్లగ్గు దగ్గర పెట్టే మీటరుతో కొలిస్తే, రెండరింగ్ సమయంలో తెరతో కలిపి 343 చూపింది. మిగులు మరీ తక్కువ. కొత్త యు.పి.ఎస్. కొనడానికి డబ్బు లేదు. తెర ఆపితే 25 వాట్లు కలిసివస్తాయని తానే లెక్క కట్టుకొన్నది. రాత్రి పదింటికి పని మొదలుపెట్టి, తెర ఆపి, ఉదయం ఆరింటికి లేచి చూసుకొనేది. అట్లా 18 రాత్రులు.