పేరులో ఉన్న సముద్రం

హాస్టల్లో చేరిన మొదటి రోజు ఒక సీనియరు నా దరఖాస్తు కాగితం తీసుకుని "స్వగ్రామం: బుక్కరాయసముద్రం" అని పైకి చదివాడు. "అయితే నువ్వూ మాలాగే సముద్రపొడ్డు వాడివేనన్న మాట! మీ బీచి బాగుంటుందా?" అని అడిగాడు. గదిలో ఉన్న వాళ్ళందరూ నావైపు తిరిగారు. "మాది అనంతపురం జిల్లా" అన్నాను. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరూ ఒక్కసారిగా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఆ పేరు మూడేళ్ళూ నన్ను వదలదని తెలుసు. నవ్వినా వదలలేదనుకోండి. ఈనాటికీ మా వరండాలో నన్ను 'సముద్రం' అనే పిలుస్తారు.

విశాఖపట్నంలో చదువుకొనే వాడికి చూడవలసిన స్థలాలకు కొరత లేదు. ఆదివారం వస్తే చాలు, మిత్రబృందం బయలుదేరేది. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, ఇప్పుడు ఇసుక మీద విశ్రాంతి తీసుకుంటున్న కుర్సురా జలాంతర్గామి లోపల తల వంచుకుని నడిచాము. కైలాసగిరి ఎక్కాము. తొట్లకొండ మీద బౌద్ధభిక్షువులు ఉండిన ఇటుక గోడల మధ్య కూర్చుని వేరుశెనక్కాయలు తిన్నాము. భీమిలి వెళ్ళి డచ్చివారి సమాధులు చూశాము. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరట అది! ఆ ఊరివాడే నా గదిలోని మిత్రుడు. తన ఊరు చూపిస్తున్నప్పుడు వాడి నడకే మారిపోయింది. ప్రతి వీధికీ ఒక కథ చెప్పాడు.

నా మనసు ఆగిపోయింది మాత్రం ఎర్రమట్టి దిబ్బల దగ్గర. విశాఖకూ భీమిలికీ నడుమ ఉన్న ఆ దిబ్బలను 2014లో జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. భూగర్భశాస్త్రం చదివే వాణ్ణి గనుక వాటి వయసూ, పుట్టుకా గురించి మిత్రులకు ఉపన్యాసం ఇవ్వవలసింది. నాకేమో నోట మాట రాలేదు. ఆ ఎరుపు చూడగానే మా చేను గుర్తుకొచ్చింది. ఒక పిడికెడు మన్ను తీసుకుని వాసన చూశాను. "ఏట్రా, మన్ను తింటావా ఏటి?" అని వాళ్ళు నవ్వారు.

ఆ సాయంత్రమే భీమిలి మిత్రుడు అడిగాడు: "మా ఊరన్నీ చూపించేశాన్రా. మరి మీ వైపు చూడ్డానికి ఏటుంది?"

"ఏమీ లేదు" అన్నాను.

అంత తేలికగా అన్నందుకు కారణం ఉంది. ఆ వారమే నాయన ఫోన్ చేశాడు. మాకు నాలుగెకరాల మెట్ట, చెరువు కింద ఒక ఎకరం మడి ఉన్నాయి. మెట్టలో బుడ్డలు విత్తితే ఊడలు దిగే వేళకు వాన ముఖం చాటేసింది. ఆరువందల అడుగుల బోరులో గాలి తప్ప ఏమీ రాలేదు. అనంతపురం పెరిగి పెరిగి మా ఊరిదాకా వచ్చేసింది కాబట్టి, చెరువు కింద మడిని ప్లాట్ల కోసం ఎవరో అడుగుతున్నారు. "నువ్వేమంటావురా?" అని అడిగాడు నాయన. నా చదువు ఖర్చుకు చేసిన అప్పు సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. "అమ్మేయి నాయనా. ఆ ఊర్లో ఏముంది?" అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, "సరే, సెలవులకు వచ్చి చూసి చెప్పు" అన్నాడు.

చూసి చెప్పు! ఇరవై ఏళ్ళు అక్కడే పుట్టి పెరిగిన వాడికి కొత్తగా చూసేదేముంటుందని అప్పుడనిపించింది.

ఇంతలో ఒక చిన్న సంగతి జరిగింది. గ్రంథాలయంలో వేరే పుస్తకం కోసం వెదుకుతుంటే కట్టమంచి రామలింగారెడ్డిగారి మీద ఒక వ్యాసం కనిపించింది. 1926లో ప్రారంభమైన మన విశ్వవిద్యాలయానికి ఆయన మొదటి ఉపాధ్యక్షుడు. ఆయన పేరు పెట్టిన స్నాతకోత్సవ మందిరం ముందు నుంచి రోజూ నడుస్తూనే ఉన్నాను. ఆయన మద్రాసులో విద్యార్థిగా ఉండగా, అంటే దాదాపు మన వయసులోనే, 'ముసలమ్మ మరణము' అనే కావ్యం రాసి పోటీలో బహుమతి పొందారట. ఆధునిక తెలుగు కవిత్వానికి దారి తీసిన రచనల్లో అదొకటని ఆ వ్యాసంలో ఉంది. ఆ కథ ఎక్కడిదనుకున్నారు? మా ఊరి చెరువుకట్టది! మా అవ్వ చిన్నప్పుడు నాకు అన్నం పెడుతూ చెప్పిన ముసలమ్మ కథే అది. ఆ రాత్రి మిత్రుడితో అన్నాను: "నేను చెప్పింది తప్పురా. దసరా సెలవులకు మా ఊరు రా."

రమ్మన్నానే గానీ, రైలెక్కిన దగ్గరనుంచి గుండె పీచుపీచుమంటూనే ఉంది. పచ్చదనం ఒక్కొక్క స్టేషనుకే తగ్గిపోయి, నంద్యాల దాటాక రాళ్ళూ గుట్టలూ మొదలయ్యాయి. "వాన పడదా మీకు?" అన్నాడు మిత్రుడు. మాకు ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు, విశాఖకు దాదాపు దానికి రెట్టింపు. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదనే కురిసేసి, ఖాళీ చేతులతో మా మీదుగా పోతాయి. తూర్పు సముద్రం నుంచి వచ్చే ఈశాన్య రుతుపవనం మమ్మల్ని చేరేసరికి అలసిపోతుంది. రెండు సముద్రాలకూ దూరపు చుట్టాలం మేము. ఇదంతా పాఠంలా చెప్పాను. ఆ వానలోనే ఎలా బతికారో మాత్రం నాకు అప్పటికి తెలియదు.

మొదట గుత్తి వెళ్ళాము. మైదానంలోంచి ఒక్కసారిగా లేచిన రాతిగుట్ట మీద కోట. హైదరాలీకి దక్కకముందు ఇది మురారిరావు కోట. అంత ఎత్తున, చుక్క నీరు నిలవదనుకునే బండల మధ్య బావులు తవ్వారు. తోపులకన్నా ఆ బావులే కోటను కాపాడి ఉంటాయని మిత్రుడన్నాడు. దత్తమండలాలకు 1800లో కలెక్టరుగా వచ్చిన మన్రో 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోతే, మొదట గుత్తిలోనే పూడ్చి, తర్వాత మద్రాసు కోటకు తరలించారు. రైతు పేరునే పట్టా ఇచ్చి, అతని దగ్గరే శిస్తు వసూలు చేసే పద్ధతిని ఈ సీమలో పాదుకొల్పింది ఆయనే. ఇనుప పెట్టెలో గుడ్డ చుట్టి దాచిన మా మడి పట్టా నాకు గుర్తుకు వచ్చింది.

తర్వాత తాడిపత్రి. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుని గుడి. బుగ్గ అంటే ఊట. లింగం కింద నీరు ఊరుతూ ఉంటుంది గనుక ఆ పేరు. పూర్తికాని గోపురాల మీద రాతిలో చెక్కిన లతలను చూస్తూ మిత్రుడు మెడ నొప్పి పుట్టేదాకా నిలబడ్డాడు.

మూడో రోజు లేపాక్షి. 2022లో జిల్లాను రెండు చేసినప్పుడు అది శ్రీ సత్యసాయి జిల్లాకు వెళ్ళింది గానీ, మా మాటల్లో ఇంకా మాదే. విజయనగర కాలంలో విరుపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన వీరభద్రాలయం అది. వేలాడే స్తంభం కింద అందరిలాగే మేమూ తువ్వాలు దూర్చి లాగాము. ఒక్క మూల మాత్రం నేలను తాకి ఉంటుంది. ఒకే రాతిలో చెక్కిన పెద్ద నంది ముందు మిత్రుడు ఫోటో దిగి వాళ్ళింటికి పంపాడు. "ఇవన్నీ పెట్టుకుని ఏమీ లేదన్నావా?" అని నా వీపు మీద ఒకటి వేశాడు. నాకు గర్వంగానే ఉంది. ఆ గర్వంలోనే చిన్న ముల్లు కూడా ఉంది. ఎందుకంటే లేపాక్షిని నేను చూడడం కూడా అదే మొదటిసారి.

నాలుగో రోజు పొద్దున నాయన "మీ ఊర్లు అయిపోయినాయా? ఇంగ మన చెరువు సూద్దాం రాండి" అన్నాడు.

కట్ట మీద నడిచాము. బుక్కరాయల మంత్రి చిక్కవొడయరు 1364లో పండమేరుకు అడ్డంగా ఈ చెరువు కట్టించాడని చెబుతారు. కట్టకు ఒక కొసన బుక్కరాయసముద్రం, రెండో కొసన అనంతసాగరం వెలిశాయి. ఆ అనంతసాగరమే పోనుపోను అనంతపురమయింది. అంటే జిల్లాకు పేరు కూడా ఈ చెరువు నీళ్ళలోంచే వచ్చిందన్న మాట. కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్ళు పనిచేస్తే ఆ చెరువు పూర్తయిందట. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు చెబుతూ, జలశాస్త్రం తెలిసినవాడు ఉండాలని కూడా రాశారు. మా చెరువుకు అలాంటి లెక్క దొరకలేదు గానీ, కట్ట ఏ రెండు గుట్టలను పట్టుకుని నిలబడిందో చూస్తే, దాన్ని వేసినవాడికి రాయి తెలుసు, నీరు తెలుసు అని నా చదువు నాకు చెప్పింది.

ఆ రోజు నీళ్ళు నడిమధ్యకు తగ్గిపోయి ఉన్నాయి. పక్కలంతా కంపచెట్లు. మిత్రుడు నిరాశపడతాడేమోనని అతని ముఖం చూశాను. నాయన మాత్రం తన ఇల్లు చూపించే పెళ్ళికొడుకులా ఉన్నాడు. "ఇది తూము. ఇదీ మరువ. చెరువు నిండి మరువ పారితే ఆ నీళ్ళు శింగనమల చెరువుకు పోతాయి. మనం తాగినంక కిందోళ్ళు తాగాల" అన్నాడు. 2022 అక్టోబరులో వంకలు పొంగి అనంతపురంలో కాలనీలు మునిగిన సంగతీ చెప్పాడు. "వంక దావలో ఇండ్లు కట్టుకుంటే, వంక యాడికి పోవల్ల?"

మిత్రుడికేమో సందేహం వచ్చింది. "బాబాయ్, చెరువుకి సముద్రమని పేరెందుకెట్టారు?"

నాయన నవ్వాడు. "సముద్రం సూసినోడు ఎవుడూ పెట్టుండడు నాయనా. ఇంత కరువులో ఇన్ని నీళ్ళు ఒక్కసారి సూసినోడు పెట్టింటాడు."

ముసలమ్మ కట్ట దగ్గర అవ్వ కథ చెప్పింది. కట్టకు గండి పడింది. బసిరెడ్డి చిన్నకోడలు బలి అయితే గానీ నిలవదని దేవత పలికింది. ఆ పిల్ల ఎవరి మీదా నింద వేయక, అత్తమామలకు చెప్పుకుని, గండిలోకి నడిచిపోయింది. "ప్రాణం ఇస్తే కట్ట నిలుస్తుందా అవ్వా? మన్నూ రాయీ పడాలి గానీ" అన్నాను నేను, సైన్సు విద్యార్థిని గనుక. అవ్వ కోపగించుకోలేదు. "నమ్మకపోతే మానె. చెప్పులిడిచి నడువు" అంది. మిత్రుడు అప్పటికే విడిచేశాడు. నేనూ విడిచాను. ఒక కోడలినే ఎందుకు అడిగారని ఇప్పటికీ నాకు కోపమే. కానీ ఆరువందల ఏళ్ళకు పైగా ఈ కట్టను ఎంతమంది పేరులేని వాళ్ళు తట్టలతో, చలికెలతో నిలబెట్టుకొచ్చారో, వాళ్ళందరికీ కలిపి ఒక్క పేరు ముసలమ్మ అనుకుంటే చెప్పులు విడవడం కష్టమనిపించలేదు.

దిగేటప్పుడు నాయన మా మడి గట్టు మీద ఆగి "సూసినావు గదా, ఇప్పుడు చెప్పు" అన్నాడు. ఫోన్లో అంత సులువుగా అన్న మాట గట్టు మీద నిలబడితే నోట రాలేదు. అప్పు ఉంది. వాన లేదు. అమ్మొద్దు అనే హక్కు నాకెక్కడిది? "ఏముందని అన్నాను చూడు, ఆ మాట తప్పు నాయనా" అని మాత్రం అన్నాను. ఆయన తల ఊపాడు.

మొన్న ఫిబ్రవరిలో నాయన మొదటిసారి విశాఖ వచ్చాడు. పంచె ఎగగట్టుకుని అలల్లోకి దిగి, దోసిట నీళ్ళు తీసి నాలుకకు తాకించుకుని ఉమ్మేశాడు. చాలాసేపు అటూ ఇటూ చూసి, "ఇన్ని నీళ్ళకు కట్ట లేదు, తూము లేదు, మరువ లేదు. ఒక్క ఎకరా తడవదు గదరా" అన్నాడు. అయినా అవ్వకు చూపించాలని ఒక సీసాలో ఆ నీళ్ళు పట్టుకున్నాడు. రైలు కదిలే ముందు మడి సంగతి అడిగాను. "నీ చదువు అయిపోయేదాకా అడగొద్దన్నా వాళ్ళను" అన్నాడు. తర్వాత ఏమవుతుందో నాకు తెలియదు, ఆయనకూ తెలియదు.

మిత్రులారా, విహారయాత్రల జాబితా వేసేటప్పుడు మా జిల్లాకూ ఒక వరుస కేటాయించండి. గుత్తి, తాడిపత్రి, లేపాక్షి చూడండి. కదిరి దగ్గర అయిదెకరాల మేర పరుచుకుని, 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన తిమ్మమ్మ మర్రిమాను చూడండి. తిరుగు ప్రయాణంలో ఒక సాయంత్రం మా ఊరి కట్ట మీదికి రండి. నీళ్ళుంటే మీ అదృష్టం. లేకపోతే, అవి ఎక్కడిదాకా వచ్చేవో మా నాయన చేయి చాపి చూపిస్తాడు.