మెడ విరుపు

మనిషికి మెడ ఉన్నదన్న సంగతి అది పట్టేసిన నాడే తెలుస్తుంది. నాకు క్రిందటేడు తెలిసింది.

తార్నాకలోని మా యింటి నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయానికి రోజూ ఉదయం నడకకు పోవడం నాకు పాతికేళ్ళ అలవాటు. ఆ వేళ ఆర్ట్స్ కాలేజీ ముందు నడుస్తూంటే వెనుక నుంచి ఎవరో "నమస్తే సార్" అన్నారు. తల తిరగలేదు. కవాతు సిపాయిలాగ మనిషినంతా తిప్పి ప్రతినమస్కారం చేయవలసి వచ్చింది. నా పాత శిష్యుడు. సారుకు రిటైరయ్యాక గర్వం పెరిగిందనుకొని ఉంటాడు.

ఇంట్లో సలహాలకు కరువేముంది! మా ఆవిడ దిండు మార్చమంది. ప్రక్కింటి పిన్నిగారు ఉప్పు కాపడం పెట్టమన్నారు. "రోజంతా ఆ ఫోను మీదికి వంగి కూర్చుంటే పట్టదూ మరి?" అంది మా అమ్మాయి. నేను ఎవరి మాటా వినక తిన్నగా క్షౌరశాలకు వెళ్ళాను.

ఇరవై యేళ్ళుగా నా తల అతని చేతిలోనే ఉంది. జుత్తు కత్తిరించి, నూనె వేసి మర్దించి, ఆఖరున ఒక చేయి గడ్డం క్రింద, ఒక చేయి నెత్తిన పెట్టి, ఇటొకసారి అటొకసారి పటుక్కుమనిపిస్తాడు. దానికి వేరే డబ్బు పుచ్చుకోడు. అది స్నేహం.

"మెడ వట్టిందా సార్? ఇప్పుడే సాఫ్ జేస్త" అన్నాడు. పటుక్కుమంది. హాయిగానే ఉంది, రెండు నిమిషాలు. ఆ తరువాత అద్దంలో నా ముఖం రెండుగా కనబడింది. గది గిర్రున తిరిగింది. పడబోతుంటే అతనే పట్టుకొన్నాడు. అతని చేతులు నాకంటె ఎక్కువ వణుకుతున్నాయి.

మా అమ్మాయి ఆసుపత్రికి తీసుకొనిపోయింది. పరీక్షలన్నీ చేసి, అదృష్టం, ఏమీ చిరగలేదన్నారు. చిరగడానికి మెడలో ఏముందని అడిగాను. డాక్టరు ఓపికగా చెప్పాడు. మెడలో ఎముకలు ఏడు. మెదడు వెనుక భాగానికి రక్తం తీసుకొనిపోయే రెండు నాళాలు ఆ ఎముకల రంధ్రాల గుండా పైకి పోతాయి. మెడను హఠాత్తుగా గుంజి తిప్పితే నాళం లోపలి పొర చిరగవచ్చు. అక్కడ రక్తం గడ్డకట్టి మెదడుకు పోతే పక్షవాతం. మనం మురిసిపోయే ఆ చప్పుడు ఎముక సర్దుకొన్న చప్పుడు కాదట, కీలులోని ద్రవంలో గాలి బుడగ తాలూకు చప్పుడట!

ఇది అరుదైన మాట నిజమే. కాని 2022లో మన హైదరాబాదులోనే ఒకావిడకు బ్యూటీ పార్లర్లో తల వెనక్కి వాల్చి కడిగించుకొంటూంటే పక్షవాతం వచ్చింది. 2024లో బళ్ళారిలో 30 ఏళ్ళ యువకుడికి సెలూన్‌లో మెడ విరిచాక మాట పడిపోయింది. ఈ రెండూ పత్రికలలో వచ్చినవే.

తరువాత నన్ను ఫిజియోథెరపీకి పంపారు. మళ్ళీ చేతివైద్యమేనా అని హడలిపోయాను. ఆ అమ్మాయి మెడ ముట్టుకోకముందు పావుగంట ప్రశ్నలే వేసింది. తల తిరుగుతున్నదా? మాట తడబడుతున్నదా? చేతులు తిమ్మిరెక్కుతున్నాయా? ఒక్కొక్కప్పుడు నాళం ముందే చిరిగి, ఆ నొప్పినే మెడపట్టు అనుకొని వచ్చేవాళ్ళుంటారట. ఆ ప్రశ్నలు అందుకు. పిమ్మట నెమ్మదిగా కదిలించిందే గాని, ఒక్కసారి కూడా పటుక్కుమనిపించలేదు.

"చేతివైద్యం పనిచెయ్యదా అమ్మా?" అన్నాను.

"చేస్తుంది అంకుల్. 2012లో అమెరికాలో మెడనొప్పి ఉన్న 272 మందిని మూడు జట్లు చేసి చూశారు. మాత్రల కంటె చేతివైద్యమే మేలని తేలింది. అయితే రెండు పాఠాలు నేర్చుకొని ఇంట్లో వ్యాయామం చేసుకొన్నవాళ్ళకూ దాదాపు అంత గుణమూ కనిపించింది" అన్నది.

ఇంట్లో కూర్చుని అంత గుణం పొందగలిగినప్పుడు ఆయువుపట్టును ఇంకొకరి చేతిలో పెట్టడమెందుకు? మెల్లగా కుడికి, మెల్లగా ఎడమకు, గడ్డం లోపలికి. ఆరువారాలకు నా మెడ నాకు తిరిగి వచ్చింది.

తిరిగి రానిది స్నేహమే. మా ఆవిడ దుకాణం మార్చమంది. రోడ్డు మీద అతను నన్ను చూసి తల దించుకొనిపోయాడు. ఆ దించిన తల నా మెడనొప్పి కంటె ఎక్కువ బాధించింది. తప్పు ఒక్క అతనిదేనా? ఇరవై యేళ్ళు మెడ చాచి కూర్చున్నది నేను కాదూ?

మరునాడే వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. కత్తిరింపు అయింది. అలవాటున అతని చేయి నా గడ్డం దాకా వచ్చి ఆగిపోయింది.

"ఆ దినం కెల్లి ఎవ్వరి మెడ తిప్పుత లేను సార్. కొందరు కోపం జేసి పక్క దుకాణంకు పోతున్నరు. పోనీ" అన్నాడు. అని, తన మెడ తనే రుద్దుకొన్నాడు. పొద్దస్తమానం వంగి నిలబడేవాడికి నొప్పి ఉండదూ!

నేను కుర్చీలోంచి లేచి అతనికి నా పాఠం చెప్పాను. మెల్లగా కుడికి, మెల్లగా ఎడమకు. అద్దంలో మళ్ళీ రెండు ముఖాలు కనబడ్డాయి. ఈసారి ఒకటి నాది, ఒకటి అతనిది.