కాలు తగిలినప్పుడు

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల పెక్కు గృహముల బిడ్డలు నేడు ఇంగ్లీషు మాటలాడు దేశములలో నున్నారు. సెలవులకు వచ్చి, మంచినీళ్లిచ్చిన తల్లికి సైతము "థాంక్యూ" అందురు. "మేమేమైన పరాయివారమా?" అని నొచ్చుకొను తల్లులను మేమెఱుగుదుము. ఆ నొప్పియందు న్యాయము లేకపోలేదు. పోవుచున్నా ననక "వెళ్లివత్తు" ననుటలో, వేళకు వచ్చినవారిని అన్నము తినిపొమ్మనుటలో మన మర్యాద దాగియున్నది.

ఇంగ్లీషువారి మర్యాద లన్నియు నొక్కటే యనుకొనరాదు. అమెరికాలో "హౌ ఆర్ యూ" అనునది పలుకరింపు మాత్రమే. దానికి బదులుగా మన మోకాళ్లనొప్పి చెప్పనారంభించినచో నెదుటివారు తెల్లబోవుదురు. అచ్చటి భోజనశాలలో వడ్డించినవానికి నూటికి 15 మొదలు 20 వంతులు అదనముగా నీయనివాడు మొఱటువాడు. ఆస్ట్రేలియాలో ఆ నిర్బంధము లేదు. రెండు వ్రేళ్లెత్తి అరచేయి తనవైపు త్రిప్పి చూపుట అమెరికాలో నిరపాయము, ఇంగ్లండులో బూతు. కెనడాలోని అంటారియో రాష్ట్రమువారు, క్షమాపణ చెప్పినంతనే తప్పొప్పుకొన్నట్లు దావాలలో నెంచరాదని 2009లో చట్టమే చేసిరి. కోర్టు భయమున నోటికి వచ్చిన మంచిమాట నోటనే యుండిపోరాదని వారి తలంపు.

మనకును క్షమాపణ కలదు. కాలు తగిలినచో నెదుటివారిని చేతితో తాకి కన్నుల కద్దుకొందుము. మాట యక్కఱలేని ఈ క్షమాపణకు సాటి యగునది మాకు మఱియొక దేశమున కానరాలేదు. అయితే యజమాని కాలు పాలేరునకు తగిలినప్పుడు ఆ చేయి యేల లేవదు?

తెనాలినుండి బాపట్లకు రైలులో పోవువారికి త్రోవలో చుండూరు వచ్చును. 1991 జూలైలో సినిమాశాలలో నొక దళిత యువకుని కాలు పైకులపువానికి తగిలెను. తగవు ముదిరి వెలివేతయయ్యెను. ఆగస్టు 6వ తేదీన 8మంది దళితులు హతులైరి. చుండూరులోనే నెలకొల్పిన ప్రత్యేక న్యాయస్థానము 2007లో 21మందికి యావజ్జీవశిక్ష విధించెను. 2014లో హైకోర్టు అందఱిని విడిచిపెట్టెను. కాలు తగులుటయే సర్వకారణమని మేమనము. కాని ఎవరి కాలు ఎవరికి తగిలినదని లెక్కించు బుద్ధి మన యిండ్లలోనే, నీవు, మీరు అను మాటలతోనే, పసితనమున అలవడుచున్నది. అరువదేండ్ల చాకలిని పదేండ్ల బాలుడు "ఏరా" యనగా నెవరును మందలింపరు.

ఇంగ్లీషువారును ఒకప్పుడు నీవు, మీరు అను భేదమును పాటించినవారే, క్రమముగా విడిచిరి. (మన దేశము నేలినన్నాళ్లు వారి మర్యాద మన కూలీలకెంత దక్కినదో వేఱుగ చెప్పనక్కఱలేదు.) మనము భేదమును విడువనక్కఱలేదు, "మీరు" అను మాటను మఱికొందఱికి పంచిన చాలును.

రేపల్లెలో మాకు తెలిసిన యొక యింట, విదేశమునుండి వచ్చిన మనుమరాలు అంట్లుతోము నామెను "మీరు" అనెను. నాయనమ్మ కోపించి, "అట్లన్న ఆమెయే సిగ్గుపడు"నని వాదించెను. ఆమె సిగ్గుపడిన మాట నిజమే. మనుమరాలు మానలేదు, ఆమెయు వలదనలేదు.